ఈనిన యావునకు తొలి రెండు నెలల మేపు

ఆవు ఈనిన పిమ్మట పాలు దినదినము హెచ్చి, 6 మొదలు 8 వారములలో గరిష్ఠమగును. ఆకలి యంత త్వరగా హెచ్చదు. నిండుగా మేయుటకు 10, 12 వారములు పట్టును. ఈ నడుమ లోటు తీర్చునది ఆవు దేహమందలి క్రొవ్వే. ప్రక్కటెముకలు బయటపడుచున్నను పాలు తగ్గలేదని యజమాని సంతసించును. అది అప్పుచేసి జరుపుకొను పండుగ వంటిది. పిదప పాలు తగ్గిపోవును, ఆవు సకాలమున ఎదకు రాదు, మరుసటి ఈత వెనుకబడును.

“పాలు చూచి దాణా పెట్టుదము” అనువారు మన సోంపేట, పలాస, టెక్కలి గ్రామములలో పలువురు కలరు. మేము వారితో నేకీభవింపము. ఈనుటకు రెండు వారముల ముందే కొద్దికొద్దిగా దాణా అలవాటు చేసి, ఈనిన పిదప క్రమముగా పెంచవలెను. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లకు మించవు. దానినే నమ్మినచో ఆవు చిక్కిపోవును. ఎండుగడ్డి మీదనే యున్న ఆవునకు దేహపోషణకై కిలోన్నర, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా కావలెను. 10 లీటర్ల ఆవునకు ఐదున్నర కిలోలన్నమాట. దీనిని రెండు మూడు పూటలుగా పంచి పెట్టుడు. తవుడు, నూకలు, వేరుసెనగపిండి, గానుగలో మిగిలిన కొబ్బరిపిండి కలుపవచ్చును. దినమునకు 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమము మరువరాదు. మన తీరపు చెమ్మకు బూజుపట్టిన పిండిని పారవేయుడు. దాని విషము పాలలోనికిని దిగును. పెండ్లిండ్లలో మిగిలిన యన్నము తొట్టినిండ పోయుట దయ కాదు. కడుపు పులిసి పశువు ప్రాణమే పోవచ్చును.

పచ్చిమేత యున్నచో దాణా ఖర్చు తగ్గును. వరికోతకు ముందు చేనిలో పిల్లిపెసర చల్లుకొనవచ్చును. గినీగడ్డి కొబ్బరినీడ నోర్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానునకు చెట్లు కూలిన ఉద్దానపు తోటలలో, తిరిగి నాటిన మొక్కల నడుమ ఎండ తగులు తావులందు నేపియరు గడ్డి వేసికొనవచ్చును.

ఈనిన మూడు దినములలో ఆవు చెవులు చల్లబడి, మెడ డొక్కవైపు త్రిప్పి కూలబడినచో అది రక్తమున కాల్షియము తగ్గుట. నోట నేమియు పోయక వెంటనే పశువైద్యుని పిలువవలెను.

దాణా చాలుచున్నదో లేదో ఆవే చెప్పును. వారమున కొకమారు పాలు కొలిచి వ్రాసికొని, అరకిలో దాణా పెంచి చూడుడు. పాలు హెచ్చినచో మరల పెంచుడు. హెచ్చనిచో అచటనే నిలుపుడు.