మీకు తెలుసా? నార్వేలో టెంటుకు అద్దె లేదు

నార్వేలో అడవిలోనో, కొండ మీదో, సముద్రపు ఒడ్డునో టెంటు వేసుకుని రెండు రాత్రులు గడపడానికి స్థలం యజమానిని అడగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. విదేశీ పర్యాటకులకూ ఈ హక్కు ఉంది. తరతరాల ఆచారాన్ని 1957లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది.

అయితే మనుషులుండే ఇంటికి గానీ, క్యాబిన్‌కు గానీ కనీసం 150 మీటర్ల దూరంలో ఉండాలి. పైరున్న పొలాలు, గడ్డి పెంచే బీళ్లు, ఇళ్ల పెరళ్లు ఈ హక్కు కిందికి రావు. ఊళ్లకు బాగా దూరంగానో, ఎత్తయిన కొండల్లోనో అయితే రెండు రాత్రులు దాటినా ఎవరినీ అడగనక్కర్లేదు. నిశ్శబ్దం కోసం వెళ్లేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి! కారును మాత్రం రోడ్డు దిగి అడవిలోకి నడపకూడదు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండి అన్నీ వీపున వేసుకుని నడవాల్సిందే. ఆ నడకే రద్దీని వెనక వదిలేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అడవుల్లో, వాటి దగ్గర్లో మంట వేయడం నిషేధం. ఉత్తరాన ట్రోమ్సో వైపు వెళ్తే మే మూడో వారం నుంచి జులై మూడో వారం వరకు సూర్యుడు అస్తమించడు. పల్చటి టెంటు గుడ్డ ఆ వెలుగును ఆపదు కాబట్టి కళ్లకు కట్టుకునే పట్టీ తప్పనిసరి. లొఫోటెన్ దీవుల్లో జనం ఎక్కువైన కొన్నిచోట్ల టెంట్లు వేయనివ్వడం లేదు. టెంటు వేసేముందు అక్కడి బోర్డు చూసుకోండి.