బల్ల మీది స్పీకర్లకు ఎన్ని వాట్లు కావాలి?

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలున్నాయి. ఇక్కడి ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అలాంటి ఓ ఇంట్లో చిన్న గది, అందులో కంప్యూటర్ బల్ల. తక్కువ డబ్బుతో దానికి స్పీకర్లు కొనాలి. ఎలా?

డబ్బా మీద ‘1000 వాట్లు పీఎంపీఓ’ అని ఉంటే పట్టించుకోకండి. అది రెప్పపాటు శక్తికి వేసిన లెక్క. దానికి అందరూ ఒప్పుకున్న కొలమానమే లేదు. పిల్లల్ని మోసపుచ్చే ఈ అంకె నాకు అస్సలు నచ్చదు. ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తి, ఎన్నో చూడండి. చెవికీ స్పీకరుకీ మధ్య రెండడుగులే కదా, నాలుగైదు వాట్లు చాలు.

యాంప్లిఫయర్ ఈ స్పీకర్ల లోపలే ఉంటుంది కాబట్టి దానికి కరెంటు కావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్. అంటే మొత్తం 2.5 వాట్లే! పాఠాలు వినడానికి సరిపోతుంది. పాటలకైతే గోడ ప్లగ్గుకు పెట్టేవి మేలు.

చిన్న స్పీకర్లలో మృదంగం ఎడమవైపు గుమ్మని ఎందుకు మోగదు? మంద్రస్వరానికి గాలి బాగా కదలాలి. రెండంగుళాల కోనుకు అంత సత్తా ఉండదు. మూడంగుళాలది దొరికితే అదే తీసుకోండి. గోడకు కాస్త దగ్గరగా జరిపితే మంద్రం పెరుగుతుంది. మరీ మూలకు నెడితే మాటలు ముద్దవుతాయి.

స్పీకర్ల ముందువైపు కింద పాత నోటుపుస్తకం పెట్టి, వాటి మొహం చెవులవైపు ఎత్తండి. కొనేముందు పాట ఆపి, వాల్యూమ్ పూర్తిగా పెంచి వినండి. బుస్సుమంటే వద్దనండి.