నిద్రపుచ్చడమే కాదు... లేపడమూ వైద్యమే!

నోట్లో గొట్టం, పక్కనే వెంటిలేటరు, మంచమ్మీద కదలకుండా మనిషి. ఐసీయూ అద్దంలోంచి ఆ దృశ్యం చూసిన ఇంటివాళ్ల గుండె జారిపోతుంది. 'ఇంకా స్పృహ రాలేదా డాక్టరుగారూ?' అని ఆత్రంగా అడుగుతారు. చాలాసార్లు అది జబ్బు తెచ్చిన మగత కాదు, వైద్యులు కావాలనే పుచ్చిన నిద్ర!

ఎందుకంటే... గొంతులో గొట్టంతో, యంత్రం ఊదే గాలితో ఉండటం మెలకువలో నరకం. బాధకు తాళలేక గొట్టం పీకేసుకునేవాళ్లూ ఉంటారు. అందుకే ముందు నొప్పి తగ్గించి, అవసరమైతే నిద్రమందు ఇస్తారు.

ఎక్కువైతే ముప్పే

రోగిని రోజులకొద్దీ గాఢనిద్రలో ఉంచడమే మేలని ఒకప్పుడు అనుకునేవారు. 2000లో చికాగో యూనివర్సిటీ వైద్యులు 128 మందిపై చేసిన అధ్యయనం ఆ ఆలోచనను మార్చింది. రోజుకోసారి మందు ఆపి కొందరిని మేల్కొలిపారు. మామూలు పద్ధతిలో ఉన్నవారికి మధ్యస్థంగా 7.3 రోజులు వెంటిలేటరు అవసరమైతే, వీరికి 4.9 రోజులే సరిపోయింది. ఐసీయూలో గడపాల్సిన కాలమూ 9.9 రోజుల నుంచి 6.4కి తగ్గింది.

పాలలాంటి మందు

లేపాలంటే మందు ప్రభావం త్వరగా దిగిపోవాలిగా! సోయానూనెతో చేసే, పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ అలాంటిదే. నిమిషంలోపే నిద్రపుచ్చుతుంది. ఎక్కువ రోజులు వాడకపోతే, ఆపిన కొద్ది నిమిషాలకే మెలకువ వస్తుంది. దీన్ని కనిపెట్టిన జాన్ గ్లెన్ చదివింది పశువైద్యం. 2018లో ఆయన్ని లాస్కర్ పురస్కారం వరించింది. ఇక, డెక్స్‌మెడెటోమిడిన్ ఇచ్చిన రోగి జోగుతున్నా, పిలిస్తే కళ్లు తెరిచి చూస్తాడు. మిడజోలామ్ కూడా మొదట్లో చురుకైనదే కానీ, రోజుల తరబడి ఇస్తే ఒంట్లో పేరుకుంటుంది. కిడ్నీలు దెబ్బతింటే మరీను. వెంటిలేటరుమీదున్న పెద్దలకు మొదటి రెండూ నయమని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

అలాగని అవీ నిరపాయం కావు. ప్రొపొఫాల్‌తో బీపీ పడిపోవచ్చు, డెక్స్‌మెడెటోమిడిన్‌తో గుండె వేగం తగ్గొచ్చు. తలలో ఒత్తిడి పెరిగినా, ఆగని మూర్ఛలున్నా గాఢనిద్ర తప్పనిసరి కావచ్చు.

మీరేం చేయొచ్చు?

'ఈరోజు నిద్రమందు తగ్గించి చూశారా?' అని వైద్యుల్ని అడగండి. మెలకువ వచ్చినప్పుడు రోగి ఎవరినీ గుర్తుపట్టకపోయినా, ఏదేదో మాట్లాడినా బెంగపడొద్దు. ఐసీయూలో ఇలాంటి అయోమయం మామూలే, కానీ వెంటనే వైద్యులకు చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే కళ్లజోడు, వినికిడి యంత్రం తెచ్చివ్వండి. దగ్గర కూర్చుని ఈరోజేంటో, ఎక్కడున్నారో, ఇంట్లో పిల్లలేం చేస్తున్నారో చెప్పండి. మందు మత్తు దిగి తెరుచుకున్న కళ్లు ముందుగా వెతికేది అయినవాళ్లనే!