పీహెచ్‌పీలో ఫంక్షన్: లెక్క ఒక్కచోట రాసుకుంటే దిద్దుకోవడం తేలిక

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో జగ్గయ్యపేట, నందిగామ అంటే పత్తి, మిర్చి. పంట అమ్మిన ఇంట్లో తూకం చీటీ, హమాలీ, లారీ కిరాయి, కమీషన్ లెక్కలు తప్పవు. ఆ లెక్కనే వెబ్ పేజీలో పెట్టాలంటే, కంప్యూటర్ కోర్సు చదివే మన పిల్లలకు ముందుగా రావాల్సింది ఫంక్షన్ రాయడం.

పీహెచ్‌పీ భాషను రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేశారు. ఎన్నో వార్తా సైట్లు వాడే వర్డ్‌ప్రెస్ కూడా ఈ భాషలో రాసిందే.

ఫంక్షన్ అంటే ఏమిటి?

ఒక పనికి పేరు పెట్టి పక్కన పెట్టుకోవడమే ఫంక్షన్. కావాల్సినప్పుడు ఆ పేరుతో పిలిస్తే పని చేసి పెడుతుంది. 'బిల్లు' అనే ఫంక్షన్‌కి మూడు అంకెలు ఇస్తాం అనుకోండి: బరువు, రేటు, ఖర్చులు. ఉదాహరణకి 10 క్వింటాళ్లు, క్వింటా 12500 రూపాయలు, ఖర్చులు 3000. లోపల గుణించి, ఖర్చులు తీసేసి 1,22,000 అని తిరిగి ఇస్తుంది. ఇలా ఇవ్వడాన్నే రిటర్న్ అంటారు.

ఇదే లెక్కని పది పేజీల్లో విడివిడిగా రాస్తే? కమీషన్ మారిన రోజు తొమ్మిది చోట్ల దిద్ది, ఒకచోట మర్చిపోతాం. ఆ ఒక్క పేజీ చూసిన రైతుకి తప్పు లెక్క వెళ్తుంది. డబ్బు విషయంలో నమ్మకం ఒకసారి పోతే మళ్లీ రాదు.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఎకో వేరు, రిటర్న్ వేరు. ఎకో అంకెను తెర మీద చూపిస్తుంది, అంతే. ఆ అంకెతో ముందుకు లెక్క చేయాలంటే రిటర్న్ ఉండాల్సిందే.

ఫంక్షన్ లోపల పెట్టుకున్న పేర్లు బయటికి కనపడవు. బయట ఉన్న రేటు కూడా లోపలికి దానంతట అది రాదు, మనమే అందించాలి.

కామా పెద్ద చిక్కు. ఎవరైనా రేటుని 12,500 అని టైప్ చేస్తే, దాన్ని సంఖ్యగా మార్చమన్నప్పుడు పీహెచ్‌పీ కామా దగ్గరే ఆగి 12 అనుకుంటుంది. అప్పుడు పై బిల్లు మైనస్ 2,880 అవుతుంది! అందుకే ముందు కామాలు తీసేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకోవాలి.

తెలుగు, ఉర్దూ రాసేవాళ్లకి

పొడవు చెప్పే 'స్ట్రెలెన్' ఫంక్షన్ అక్షరాలను కాదు, బైట్లను లెక్కిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, ఉర్దూ అక్షరం 2 బైట్లు. 'నందిగామ' కంటికి నాలుగక్షరాలే అయినా, సున్నా, గుడి, దీర్ఘం కలిపి 7 గుర్తులు, అంటే 21 బైట్లు. బైట్ల లెక్కన హెడ్డింగ్ కత్తిరిస్తే చివర్లో అక్షరం విరిగి పిచ్చి గుర్తు వస్తుంది. 'ఎంబీ' అని మొదలయ్యే ఫంక్షన్లు వాడితే ఆ గొడవ ఉండదు. అయినా గుడి, దీర్ఘం విడిపోయే వీలుంది కాబట్టి పదాల మధ్య ఖాళీ దగ్గర కత్తిరించడం మేలు.

రాసిన ప్రతి ఫంక్షన్‌నీ మూడు రకాలుగా పరీక్షించండి: మామూలు అంకె, కామా ఉన్న అంకె, ఏమీ రాయని ఖాళీ. తల్లిదండ్రులకి కోడ్ తెలియకపోయినా పర్లేదు. పాత తూకం చీటీ ఒకటి ఇచ్చి, పిల్లల పేజీ అదే మొత్తం చూపిస్తుందో లేదో సరిచూడండి.