మాల తీసిన మర్నాడు

కార్తీకం వస్తూనే మన వీధుల్లో నల్లబట్టల స్వాములు కనిపిస్తారు కదా. ఏడాది పొడుగునా తాగే మనిషి కూడా మాల వేసుకుంటే ఆ 41 రోజులూ చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేలమీద పడక. ఆ రోజుల్లో ఆ ఇంటి ఇల్లాలి ముఖం చూడాలి! తరువాత శబరిమల వెళ్ళివస్తాడు, మాల తీస్తాడు. కొందరు అలాగే నిలబడిపోతారు, లేకపోలేదు. కానీ చాలామంది సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

మరి అన్ని రోజులు అతణ్ణి నిలిపిందేమిటి? భక్తే, కాదనను. దాంతోపాటు ఇంకొకటుంది. పొద్దున్నా సాయంత్రం తోటి స్వాములు, భజన, పైన గురుస్వామి. మాల తీసిన మర్నాడు దేవుడు ఎక్కడికీ పోడు. ఆ మనుషులు మాత్రం ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు.

ఈ సంగతి బాగా తెలియాలంటే అమెరికాలో ఒక చర్చి చుట్టూ జరిగిన కథ చెప్పాలి. న్యూయార్కులో బిల్ విల్సన్ అని షేర్ మార్కెట్ మనిషి ఉండేవాడు. తాగి తాగి పని పోగొట్టుకుంటే, భార్య లోయిస్ పెద్ద దుకాణంలో ఉద్యోగం చేసి ఇల్లు ఈదుకొచ్చింది. 1934 చివర పాత తాగుడు స్నేహితుడొకడు ఇంటికొచ్చి, గ్లాసు ఇస్తే వద్దన్నాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ బృందంలో చేరానన్నాడు. న్యూయార్కులో ఆ బృందానికి ఆసరా కాల్వరీ చర్చి, దాని పాస్టరు శామ్యూల్ షూమేకర్. తప్పులు మరొకరి ముందు ఒప్పుకోవటం, నష్టపెట్టినవారి దగ్గరకు వెళ్ళి సరిదిద్దుకోవటం, ప్రార్థన, ఇవీ వాళ్ళ పద్ధతులు. ఆ డిసెంబరులో ఆస్పత్రిలో ఉండగా తనకు దైవానుభవం కలిగిందని బిల్ చెప్పుకున్నాడు. 1971లో పోయేదాకా మళ్ళీ తాగలేదు.

తరువాత నెలల తరబడి కనిపించిన తాగుబోతుకల్లా బోధ చేశాడు. ఒక్కడూ మానలేదు. నువ్వు మాత్రం తాగలేదుగా అని లోయిస్ గుర్తుచేసిందట. చూడండి, అసలు రహస్యం ఇల్లాలికే ముందు తెలిసింది.

1935 మే నెలలో పనిమీద ఏక్రన్ అనే ఊరు వెళితే ఆ పని చెడింది. జేబు ఖాళీ. హోటలు హాల్లో ఒకవైపు బారు, మరోవైపు చర్చీల జాబితా, టెలిఫోను. బారుకు పోకుండా ఒక పాస్టరుగారికి ఫోను చేశాడు, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడించండని. అలా ఒకరినుంచి ఒకరిగా డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. ఈ డాక్టరూ భార్యతో కలిసి ఆక్స్‌ఫర్డ్ గ్రూపు కూటాలకు రెండేళ్ళకు పైగా వెళుతున్నవాడే. ప్రార్థన చేస్తున్నాడు, తాగుతూనే ఉన్నాడు! 15 నిమిషాలకు మించి కూర్చోనని వచ్చి, ఆరు గంటలపైన మాట్లాడాడు. తన బాధ పడినవాడే తనతో మాట్లాడటం అదే మొదలు. జూన్ 10న ఆయన చివరిసారి తాగాడంటారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం ఆ తేదీనే తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది.

1939 నాటికి వీళ్ళు ఆక్స్‌ఫర్డ్ గ్రూపునుంచి విడిపోయారు. దేవుణ్ణి ఎవరికి అర్థమైనట్టు వారు తలచుకోవచ్చన్నారు. అందుకే 1957లో మన దేశానికొచ్చినప్పుడు హిందువులకూ ముస్లింలకూ అడ్డురాలేదు. ఇప్పటికీ చాలా కూటాలు చర్చి హాళ్ళలోనే జరుగుతాయి. 2020లో కాక్రేన్ సంస్థ 27 పరిశోధనలు కలిపి చూస్తే, ఈ కూటాలకు మనిషిని అలవాటు చేసే చికిత్స, పూర్తిగా మానిపించటంలో ఇతర పేరున్న చికిత్సలను మించింది. అందరికీ పనిచేస్తుందని కాదు సుమా.

ఒక్క హెచ్చరిక. రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. పిల్లలమీద ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేయకండి. ముందు డాక్టరుకు చూపించండి. చేయిచేసుకునే మనిషైతే, ఓర్చుకోమ్మా దేవుడున్నాడు అనే పెద్దల మాట పక్కనపెట్టి, మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు ముందు చూసుకోండి.

ఇక లోయిస్ దగ్గరికొస్తాను. భర్త మానాడు, సంతోషమేగా? ఒక రోజు కూటానికి ఆలస్యమవుతుంది రమ్మని బిల్ అంటే, మీ మీటింగులు పాడుగాను అని చెప్పు విసిరికొట్టిందట! ఏళ్ళ తరబడి అతణ్ణి మోయటమే తన పనిగా బతికింది. ఇప్పుడు ఆ పని వేరేవాళ్ళు చేశారు. తనకేం మిగిలింది? సీసాలు వెతకటం, ఆఫీసుకు ఒంట్లో బాగాలేదని కబురుపెట్టడం, అప్పులు చాటున తీర్చటం, ఇవి అలవాటైనవాళ్ళకు ఆ చెప్పు అర్థమవుతుంది. తాగేవారి భార్యలకూ ఒక కూటం కావాలని ఆమె మరొకావిడతో కలిసి 1951లో ఆల్ అనాన్ సంస్థకు రూపం ఇచ్చింది.

మన దేశంలోనూ ఆల్ అనాన్ కూటాలున్నాయి. ఆయన తాగటం మానకపోయినా, అసలు ఏ కూటానికీ రానన్నా, మీరు వెళ్ళవచ్చు. రుసుం లేదు, చందా పళ్ళెంలో తోచింది వేస్తే సరే, లేకపోతే లేదు. పేరు అడిగితే మీ పేరొక్కటి చెబితే చాలు, ఇంటిపేరు ఎవరూ అడగరు.