బూట్లు దులిపి బోటెక్కండి!

షాపులుండవు. హోటళ్లుండవు. మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోవాలి. అయినా ఆ దీవులకు వెళ్లడానికి జనం ముందుగానే బోటు టికెట్లు బుక్ చేసుకుంటారు!

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో వెంచురా రేవు ఉంది. అక్కణ్నుంచి సుమారు గంటసేపు సముద్రం మీద వెళ్తే చానల్ ఐలాండ్స్ నేషనల్ పార్కు దీవులు మొదలవుతాయి. మొత్తం అయిదు దీవులు. వంతెన లేదు. ఎక్కువమంది సందర్శకులకు దారి ఒక్కటే... ‘ఐలాండ్ ప్యాకర్స్’ ఫెర్రీ. 1968లో మొదలైన కుటుంబ సంస్థ ఇది. దీవులకు నేషనల్ పార్కు హోదా వచ్చింది 1980లో. అంటే పార్కు కంటే ఫెర్రీయే పన్నెండేళ్లు పెద్దదన్నమాట!

ఈ బోటెక్కాలంటే కొన్ని షరతులున్నాయి. బూట్లకీ, బ్యాగులకీ అంటుకున్న మట్టి, గింజలు దులిపేసుకోవాలి. మొక్కలు, వంటచెరకు తీసుకెళ్లకూడదు. అట్టపెట్టెలు కూడా వద్దంటారు... మడతల్లో పురుగులు దాక్కుంటాయని. పెంపుడు కుక్కకీ ప్రవేశం లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటారా? అక్కడి నక్కల కథ వినండి.

ఐలాండ్ ఫాక్స్... ఇంటి పిల్లంత ఉండే బుల్లి నక్క. చానల్ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఒకప్పుడు లాస్ ఏంజెలెస్ దగ్గర సముద్రంలోకి వదిలిన డీడీటీ వల్ల బాల్డ్ ఈగిల్ గుడ్ల పెంకులు పలచబడి, ఆ గద్దలు దీవుల నుంచి మాయమైపోయాయి. అవి లేకపోవడంతో గోల్డెన్ ఈగిల్స్ వచ్చి చేరాయి. మనుషులు తెచ్చి వదిలేసిన పందుల పిల్లలు వాటికి తేలిగ్గా దొరికాయి. పనిలో పనిగా నక్కల్నీ తినేశాయి. శాన్ మిగెల్ దీవిలో చివరికి మిగిలినవి 15 నక్కలే! 2004లో వాటిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు.

తర్వాత గోల్డెన్ ఈగిల్స్‌ని ప్రాణాలతో పట్టి వేరేచోట వదిలారు. పందుల్ని తొలగించారు. బాల్డ్ ఈగిల్స్‌ని మళ్లీ తెచ్చారు. నక్కల్ని సంరక్షణలో పెంచి వదిలారు. 2016లో మూడు దీవుల నక్కలు ఆ జాబితా నుంచి బయటపడ్డాయి. అప్పటికి అమెరికాలో అంత వేగంగా కోలుకున్న క్షీరదం ఇంకోటి లేదు.

అనకాపా దీవిది ఇంకో కథ. ఓడల్లో వచ్చిన ఎలుకలు అక్కడి సముద్రపక్షుల గుడ్లు తినేసేవి. 2001-2002లో వాటిని పూర్తిగా ఏరేశాక పక్షులు మళ్లీ గూళ్లు కట్టాయి. ఇప్పుడు బోటులో గర్భంతో ఉన్న ఒక్క ఎలుక దిగినా చాలు, ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే దీవికి అసలు కాపలా గేటు ఉన్నది దీవిలో కాదు, బోటెక్కే చోటే.

కాలిఫోర్నియాలో అక్కా బావా ఉంటే ఈసారి అటు ఓ ట్రిప్ వేయండి. తిండి పట్టుకెళ్లండి. అనకాపాలో మంచినీళ్లు కూడా దొరకవు, పైగా బోటు దిగగానే 157 మెట్లెక్కాలి. శాంటా క్రూజ్‌లో దిగితే మాత్రం బ్యాగు మీద ఓ కన్నేసి ఉంచండి. ఆ బుల్లి నక్కలకి జిప్ తీయడం బాగా వచ్చు!