పశుగ్రాసము కొనునపుడు ధరను లెక్కించు విధము

హైదరాబాదు పరిసర గ్రామములలో పాడిపశువులను పోషించు రైతు పూర్వము మేతకొఱకు బజారునకు పోవుట అరుదు. జొన్నచొప్పయు, చెఱువు క్రింది వరిగడ్డియు ఇంటి వామిలోనే యుండెడివి. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్స్ వెలసినది మొదలు, పుప్పాలగూడ చుట్టుపట్ల సాగుభూములు క్రమముగ ఇండ్లస్థలములుగ మాఱినవి. 2018లో ఆ గ్రామము మణికొండ పురపాలక సంఘమున చేరినది. బఱ్ఱెలను విడువని రైతునకు ఇప్పుడు గడ్డి కొనక తప్పదు. ధర నెఱుగక కొనినచో పాల సొమ్మంతయు మేతకే పోవును.

గడ్డి ప్రియమగుటకు దూరమొక్కటే కారణము కాదు. తెలంగాణమున జొన్న తగ్గి పత్తి పెరిగినది. పత్తికట్టె పశువునకు మేత కాదు. కోతయంత్రముతో కోసిన మడిలో గడ్డి చెదరిపడును. దానిని కట్టలు కట్టుటకు కూలి దొరకక పలువురు పొలముననే కాల్చుచున్నారు. మఱియు గడ్డి తేలిక సరకు. లారీ నిండును గాని తూకము రాదు; కావున కిలో ఒక్కింటికి పడు కిరాయి హెచ్చు. గానుగచెక్క బరువైన సరకగుటచే ఎంత దూరమునుండి వచ్చినను కిరాయి అంతగా పడదు.

నగరమునకు దిగువన మూసీ వెంబడి, ఉప్పల్, పీర్జాదిగూడ ప్రాంతములలో మురుగునీటిపై పారాగడ్డి పెంచి పాడివారికి మోపులుగ అమ్ముట కలదు. ఇట్టి పచ్చిగడ్డి నూఱు కిలోలలో సుమారు ఎనుబది కిలోలు నీరే. ఎండిన వరిగడ్డి నూఱు కిలోలలో నీరు పది కిలోలు. అనగా వరిగడ్డి కిలో 9 రూపాయలైన యెడల పచ్చిగడ్డి కిలో 2 రూపాయలకు సమానమని తలపవలెను. పచ్చిమేతలో మాంసకృత్తులును, కంటిచూపునకు కావలసిన ఏ విటమినును అధికము కనుక కొంత హెచ్చిచ్చినను నష్టము లేదు. నీళ్లు చల్లిన మోపును మాత్రము దులిపి తూచవలెను. ఇంటి బావిలో ఊరకే దొరకు నీటిని రూపాయలిచ్చి కొనుట ఏమి తెలివి?

చెక్కల విషయమున మాంసకృత్తులను బట్టి వెల కట్టవలెను. పొట్టుతో ఆడిన పత్తిగింజల చెక్కలో ఇవి నూటికి 22 పాళ్లు, పల్లిచెక్కలో 40 నుండి 45 పాళ్లు. కాబట్టి పత్తిచెక్క 30 రూపాయలైనపుడు పల్లిచెక్క 50 రూపాయలకు దొరకినను అదియే చౌక. అయితే బూజుపట్టిన పల్లిచెక్కను ఉచితముగ నిచ్చినను తేరాదు. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చుటకు అట్టి పల్లిపిండిలోని బూజువిషమే కారణమని తేలినది. కంపెనీ దాణా కొనువారు సంచిమీది బొమ్మను గాక, మాంసకృత్తులు 20 పాళ్లా, 22 పాళ్లా అను ముద్రను చదివి, సంచి తూకమును చూడవలెను.

బఱ్ఱె దేహపోషణకు దినమునకు ఒకటిన్నర మొదలు రెండు కిలోల దాణాయు, ఆపై రెండు లీటర్ల పాలకొక కిలోయు చాలును. వట్టిపోయిన దానికిని పాలిచ్చుదానికిని ఒకే కొలత పోయుట పెక్కు కొట్టములలో కనబడు దుబారా.

వరిగడ్డిని కోతల కాలముననే కొని వామి వేసికొనవలెను. ఎండాకాలమున దాని ధర తప్పక పెరుగును. గడ్డి సారము పెంచుటకు నూఱు కిలోలకు 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరగించి, పొరలు పొరలుగ చల్లి, గాలి చొరకుండ మూడు వారములు కప్పి యుంచవలెను. మేపుటకు ముందు కొంతసేపు ఆరబెట్టవలెను. ఆఱు నెలల లోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా నీటిని పశువు నేరుగ త్రాగినచో ప్రాణాపాయము. ఆ కుండలను కొట్టమునకు దూరముగ నుంచవలెను.

కొంత భూమియు, బోరునీరును మిగిలియున్నవారు సంకర నేపియర్ గడ్డి నాటుకొనవచ్చును. నాటిన రెండున్నర నెలలకు మొదటి కోతయు, పిదప నెలన్నరకొక కోతయు వచ్చును. గట్లవెంట లూసర్నును చల్లినచో చెక్క ఖర్చు కొంత తగ్గును.